పదమూడో చిలప

మా నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి ఉంటారు. ఆ చేతుల చుట్టూ నీలిరంగు ఊలు. ఎదురుగా చిన్న స్టూలు మీద నేను. ఆయన చేతుల మీద నుంచి ఒక్కో చుట్టూ విడిపడి నా చేతిలోని ఉండలోకి వస్తూ ఉంటుంది. మా ఇద్దరి మధ్యా రెండు మూరల దూరం, ఆ దూరంలో ఒక్క పోగు. దీనికి ఫొటో లేదు. తీద్దామన్నా అప్పుడు ఇద్దరి చేతులూ ఖాళీగా లేవు.

అప్పటికి నాకు అల్లిక వచ్చి నాలుగైదేళ్ళు. మఫ్లర్లు, టోపీలు, పసిపిల్లల మేజోళ్ళు, అన్నీ వారం పది రోజుల్లో తేలిపోయే పనులే. ఒక పెద్ద దుప్పటి అల్లాలని, కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఒళ్ళంతా కప్పేంత పెద్దది అల్లాలని మనసులో ఉండేది. ఆ మాట పిన్నితో అన్నాను. అదే మొదలు.

పిన్నికి ఊలుకు రంగులద్దడమంటే పిచ్చి. దానికోసం ఒక పెద్ద స్టీలు గిన్నె, ఒక పొడుగు గరిట విడిగా ఉండేవి. వాటిని ఇంకే పనికీ ముట్టుకోనిచ్చేది కాదు. నా దుప్పటి కోసం రంగులేని మెరినో ఊలు తెప్పించింది. తెల్లగా కూడా కాదు, మీగడ రంగు. చిలప, అంటే వలయంలా చుట్టి మెలేసిన ఊలు కట్ట, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. మెరినో గొర్రె బొచ్చు ఒక్కో పోచ మందం 20 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. మన తలవెంట్రుక దానికి మూడింతల పైమాటే. అందుకే మెడకు తగిలినా, చెంపకు తగిలినా గుచ్చుకోదు. చిలపను చెంపకు ఆనించుకుని నేను అలాగే నిలబడిపోతే పిన్ని ఏమీ అనలేదు. తనూ అదే చేసి ఉంటుంది, నాకంటే ముందు.

మొత్తం పదమూడు చిలపలు. ఒక్కోటి 100 గ్రాములు, విప్పి కొలిస్తే 200 మీటర్ల పొడవు. మూడు గిన్నెల్లో మూడేసి, ఆఖరి గిన్నెలో నాలుగు. ఆ నాలుగు విడతలూ నేను పక్కనే ఉన్నాను.

ముందు చిలపల్ని గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టింది. పొడి ఊలును నేరుగా రంగులో ముంచితే ఒకచోట గుప్పున పట్టేసి, ఇంకోచోట అసలు పట్టదట. తర్వాత గిన్నెలో నీళ్ళు, రంగు, కాస్త వెనిగర్. ఆ రంగులు ఊలును పట్టుకోవాలంటే పులుపూ కావాలి, వేడీ కావాలి. కానీ నీళ్ళు తెర్లకూడదు. 85, 90 డిగ్రీల మధ్య, పైన ఆవిరి తేలుతూ, అడుగున ఒకటీ అరా బుడగలు లేస్తూ ఉండాలి. పిన్ని దగ్గర థర్మామీటరు ఉండేది గానీ దానికంటే ముందు చెవి పెట్టి వినేది. "చప్పుడు మారింది, మంట తగ్గించు" అనేది. థర్మామీటరు చూస్తే సరిగ్గా 90 దాటబోతూ ఉండేది.

ఊలు వేడెక్కాక ముదురు నీలాన్ని చెంచాతో అక్కడక్కడా వదిలేది. అది పోచల మధ్యకు పాకడం చూస్తూ కూర్చోవచ్చు, గంటలకొద్దీ. ఒకచోట చిక్కగా ఆగిపోతుంది, ఇంకోచోట పలచబడి బూడిదరంగులోకి జారుతుంది. ఆఖరున చిటికెడు ఊదా. ఊదారంగు కలిపేటప్పుడల్లా పిన్ని ఒక కథ చెప్పేది. 1856లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేద్దామని బొగ్గు తారులోంచి తీసిన సరుకుతో ఏవో ప్రయోగాలు చేస్తున్నాడట. క్వినైన్ రాలేదు. సీసాలో నల్లటి మడ్డి మిగిలింది. దాన్ని కడగబోతే ఊదారంగు వచ్చింది. ఫ్యాక్టరీలో తయారైన రంగుల కాలం అక్కణ్ణుంచి ఊపందుకుంది. "పాడైందని పారబోసి ఉంటే?" అనేది పిన్ని ప్రతిసారీ, ఆ పిల్లవాడు మా పక్కింట్లో ఉన్నట్టు టెన్షన్ పడుతూ.

గంట తర్వాత మూత తీస్తే నీళ్ళు తేటగా ఉండేవి. రంగంతా ఊలులోకి వెళ్ళిపోయింది. నాకు అన్నిటికంటే నచ్చిన క్షణం అదే. నీలంగా పోసిన నీళ్ళలోంచి గిన్నె అడుగు కనిపించేది. అయినా చల్లారేదాకా చిలపల్ని కదలనిచ్చేది కాదు. వేడి నీళ్ళలోంచి తీసి చన్నీళ్ళలో వేసినా, వేడి మీద పిసికినా ఊలు పోచల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుని గట్టిపడిపోతుంది. మళ్ళీ విడదీయడం ఎవరి వల్లా కాదు.

ఆరిన తర్వాత పదమూడింటినీ వరసగా పేర్చింది. ఏ రెండూ ఒకలా లేవు. మొదటి గిన్నెలోవి వాన ముందటి ఆకాశంలా ఉంటే, మూడో గిన్నెలోవి కాస్త ఆకుపచ్చ వైపు తిరిగాయి. నేను దిగులుపడ్డాను, దుప్పటిలో అతుకులు అతుకులుగా కనబడుతుందేమోనని. "రెండు ఉండలు పక్కన పెట్టుకో. దీంట్లోంచి రెండు వరసలు, దాంట్లోంచి రెండు వరసలు. ఎక్కడ ఏది మొదలైందో నీకే తెలీదు" అంది పిన్ని. ఇంకో మాట కూడా అంది. "పన్నెండుతో దుప్పటి అయిపోతుంది. పదమూడోది దాచుకో. ఎప్పుడో ఒకప్పుడు చిరుగుతుంది. ఈ రంగు మళ్ళీ రమ్మన్నా రాదు."

చిలపను అలాగే పెట్టుకుని అల్లలేం. పెద్ద వలయంలా చుట్టి మెలేసి ఉంటుంది కాబట్టి ముందు విప్పి ఉండ చుట్టుకోవాలి. మొదటిదాన్ని కుర్చీ వీపుకు తగిలించి చుట్టబోయాను. నాలుగు చుట్లకే జారి నేలమీద పడింది. ఎత్తి తగిలించాను. మళ్ళీ పడింది. మూడోసారి వంగేసరికి నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. రెండు చేతులూ చాచారు. "వెయ్యి" అన్నారు. అంతే.

మా నాన్న మాట్లాడే మనిషి కాదు. కోపంతో కాదు, పౌరుషంతో కాదు, ఆయన తీరే అంత. భోజనానికి పిలిస్తే వస్తారు, అడిగితే చెప్తారు. పరీక్షల ముందు నా గది గుమ్మం దాకా వచ్చి, ఒక నిమిషం నిలబడి, ఫ్యాను వేగం తగ్గించి వెళ్ళిపోయేవారు. అదే ఆయన "బాగా రాయి" అనడం. ఉద్యోగంలోంచి దిగిపోయాక ఆ నిశ్శబ్దం ఇంకా పెద్దదైంది.

చేతులకు చిలప వేసుకున్న మనిషి పేపరు చదవలేడు, లేచి వెళ్ళలేడు, ఫోన్ తియ్యలేడు. కూర్చోవాల్సిందే. అప్పటికింకా చెయ్యి నిదానం కాబట్టి నాకు ఒక చిలపకు ముప్పావు గంట పట్టేది. మొదటి సాయంత్రం మాటల్లేకుండానే గడిచింది. కానీ ఆయన చేతులు నేర్చుకోవడం చూశాను. మొదట్లో కొయ్యల్లా బిగదీసి పెట్టారు, పోగు ప్రతి చుట్టుకీ బొటనవేలి దగ్గర ఆగేది. పది నిమిషాలకి పోగు కుడివైపు వచ్చేటప్పుడు కుడి చెయ్యి కొద్దిగా వంచడం, ఎడమవైపు వెళ్ళేటప్పుడు ఎడమ చెయ్యి వంచడం మొదలుపెట్టారు. అరగంటయ్యేసరికి ఆ చేతులు ఊయలలా ఊగుతున్నాయి, పోగు దానంతటదే జారుతోంది. నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. ఒకే ఒక్క మాట అనాల్సి వచ్చేది, మధ్యమధ్యలో: "నాన్నా, చేతులు దించకండి."

మూడో చిలపతో చిక్కొచ్చింది, నిజంగానే చిక్కు. చిలప చెదిరిపోకుండా నాలుగుచోట్ల దారంతో కట్టి ఉంటుంది. చేతులకు వేసి, సవరించి, ఆ తర్వాతే కట్లు తెంచాలి. నేను తొందరపడి ముందే నాలుగూ కత్తిరించాను. వలయం కాస్తా పిట్టగూడైంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కత్తెర తీసుకుని, ముక్కలు చేసి మళ్ళీ అతుకుదామన్నాను. నాన్న కత్తెర తీసి తన పక్కన పెట్టుకున్నారు. ఆ ముద్దను బల్ల మీద పరిచి, ఎక్కడా లాగకుండా, వేళ్ళతో గుల్ల చెయ్యడం మొదలుపెట్టారు. గుల్ల అయ్యేకొద్దీ అది పెద్దదవుతోంది, సందులు తెరుచుకుంటున్నాయి. ఆ సందుల్లోంచి కొసను ఒక్కొక్క చోటా దాటించారు. రెండు సాయంత్రాలు పట్టింది. రెండో రోజు తల ఎత్తకుండానే, "ఇంటర్లో ఒక పరీక్ష పోయింది నాది. ఇంట్లో చెప్పలేదు. నెలరోజులు పుస్తకాలు పట్టుకుని రోజూ కాలేజీకని బయల్దేరి, చెరువుగట్టు మీద కూర్చుని వచ్చేవాణ్ణి" అన్నారు.

నా చేతిలో ఉండ ఆగిపోయింది. ఆయన పరీక్ష తప్పడం నేను ఊహించలేని సంగతి. "తర్వాత?" అన్నాను. "తర్వాతేముంది, అమ్మకు ముందే తెలుసు. రోజూ మధ్యాహ్నం డబ్బా కట్టి ఇచ్చేది" అన్నారు, ఇంకో ముడి వదులు చేస్తూ.

ఆ రోజునుంచీ మాటలు వచ్చాయి. చిలపకొకటి. ఐదో చిలపకు, తను ఈత నేర్చుకున్నప్పుడు తనను నీళ్ళలోకి తోసిన స్నేహితుడి గురించి. ఆరో చిలపకు, తొలి ఉద్యోగంలో ఒక లెక్క తప్పు రాసి, రాత్రంతా నిద్రపట్టక తెల్లారకముందే ఆఫీసు మెట్ల మీద వెళ్ళి కూర్చున్న సంగతి. అన్నీ చిన్న సంగతులే. కానీ వాటిలో ఉన్న మనిషిని నేను అంతకుముందు కలవలేదు.

ఏడో చిలప దగ్గర నేనొక పొరపాటు చేశాను. చిలప చుట్టుకునే యంత్రం ఒకటి కొన్నాను. గొడుగులా విచ్చుకునే చట్రానికి చిలప తగిలించి, ఇంకోవైపు చిన్న పిడి తిప్పితే చాలు, ఐదు నిమిషాల్లో అడుగూ పైనా చదునుగా ఉండే అందమైన ఉండ తయారు. ఆ సాయంత్రం ఏడో చిలపను అలా చుట్టేశాను. సంబరంగా తలెత్తి చూస్తే గుమ్మంలో నాన్న. ఎప్పుడూ వచ్చే వేళకే వచ్చారు, కళ్ళజోడు పెట్టుకుని. యంత్రాన్ని చూశారు. "బాగుందే" అన్నారు. "పని తేలిక" అన్నారు. లోపలికి వెళ్ళి పేపరు తీశారు. ఆ పేపరు పొద్దున్నే చదివేశారని నాకు తెలుసు.

మర్నాడు ఎనిమిదో చిలప పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "నాన్నా, ఆ మెషిన్ మరీ బిగించి చుడుతోంది. ఊలు సాగిపోతోంది. చేత్తో చుట్టిందే మంచిది" అన్నాను. మాట అబద్ధం కాదు. బిగించి చుట్టి ఉంచితే ఊలు సాగుతుంది. ఆ సాగినదాంతో అల్లితే ఉతికాక లోపలికి తీసుకుంటుంది, కొలతలు మారిపోతాయి. అందుకే చేత్తో చుట్టేటప్పుడు నాలుగు వేళ్ళు ఉండ మీద ఉంచి వాటి మీదుగా చుట్టి, వేళ్ళు లాగేస్తాం, లోపల గాలి ఆడుతుంది. ఆయన చేతులు చాచారు. "అయితే వెయ్యి" అన్నారు. ఆ రోజు చిలప సగంలో చెప్పారు: "నువ్వు పుట్టినప్పుడు రెండు రోజులు నిన్ను ఎత్తుకోలేదు. చేతుల్లోంచి జారిపోతావేమోనని." ఊలు వేసుకున్న ఆ చేతుల వంకే చూస్తూ అన్నారది.

ఇంక దుప్పటి సంగతి. ఒక మూల నుంచి మొదలుపెట్టాను, మూడంటే మూడే కుట్లతో. ప్రతి వరస మొదట్లోనూ ఒక కుట్టు పెంచుకుంటూ పోవాలి. అన్నీ సూటి కుట్లే, తిరగ కుట్టు ఒక్కటీ లేదు. ఆ అల్లికలో రెండు వరసలకొక గట్టు లేస్తుంది. ఒక గట్టు ఎత్తూ ఒక కుట్టు వెడల్పూ దాదాపు సమానం. అందుకే ఏ లెక్కలూ లేకుండానే మూల సరిగ్గా మూలమట్టంగా వస్తుంది. ఎంతవరకు పెంచాలో కూడా లెక్క అక్కర్లేదు. నా దగ్గరున్నది 1,200 గ్రాములు. త్రాసు మీద ఊలు 600 గ్రాములకు రాగానే తగ్గించడం మొదలుపెట్టడమే. ఆ రోజుకు సూది మీద మూడు వందల కుట్లు దాటాయి. ఒక్క వరసకు పావుగంట. రెండు సూదుల్ని తీగతో కలిపిన గుండ్రటి సూది కాబట్టి బరువంతా ఒళ్ళో ఉండేది, మణికట్టు మీద పడేది కాదు. అల్లుతూ ఉంటే అల్లినంత మేర నా కాళ్ళను కప్పేది.

రంగు మాత్రం నేను అనుకున్నట్టు ఎక్కడా నడవలేదు. అదే చిలప, చిన్న వరసలున్న మూలలో పెద్ద పెద్ద మరకల్లా పరుచుకుంది. వరస పొడుగయ్యేకొద్దీ సన్నటి చారలైంది. మధ్యలోకి వచ్చేసరికి వాన జల్లులా చుక్కలు చుక్కలుగా రాలింది. మిషన్లో ఒకే రంగు అద్దిన ఊలుతో ఇది చస్తే రాదు. రాత్రి పొద్దుపోయినా "ఇంకొక్క వరస, తర్వాత ఏం రంగొస్తుందో చూసి పడుకుందాం" అనుకునేదాన్ని.

ఒక ఉండ అయిపోయి ఇంకోటి కలపాల్సి వచ్చినప్పుడు ముడి వెయ్యలేదు. రెండు కొసల్నీ విప్పి, పోచలు పోచలుగా ఒకదానిలో ఒకటి కలిపి, తడిపి, రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే చాలు, ఆ వేడికీ తడికీ రెండూ ఒకటైపోతాయి. గిన్నెలో జరగకూడదని పిన్ని భయపడిందే ఇక్కడ కావాలని చేస్తాం. ఇది నాన్నకు చూపిస్తే నమ్మలేదు. తొమ్మిదో చిలప నుంచీ అతుకులన్నీ ఆయనే వేశారు. నిమిషం సేపు రుద్ది, పోగును వెలుతురుకు పట్టి, "ఎక్కడ అతికానో చెప్పు చూద్దాం" అనేవారు. నిజంగానే చెప్పలేకపోయేదాన్ని.

పద్నాలుగు నెలలకు ఆఖరి మూడు కుట్లు మిగిలాయి. లెక్కేస్తే దాదాపు 90 వేల కుట్లు. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి తీయబోతే ఎత్తలేకపోయాను. ఊలు తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదంటారు. ఇక నీళ్ళలో ముంచితే చెప్పేదేముంది. పిండకూడదు, వేలాడదీయకూడదు. నాన్న ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని, తువ్వాళ్ళలో పరిచి చుట్టి, ఆ చుట్ట మీద మెల్లగా అడుగులు వేశాం. తర్వాత నేల మీద చదునుగా ఆరబెట్టాం. ఆరాక కొలిస్తే నాలుగు వైపులా 135 సెంటీమీటర్లు. పిన్ని వచ్చి చూసి, దుప్పటి మూలను చేతిలోకి తీసుకుని, చెంపకు ఆనించుకుంది.

అదంతా జరిగి పన్నెండేళ్ళు. పిన్నికి చూపు తగ్గి రంగులు ఆపేసింది. ఆ గిన్నె నాకిచ్చింది.

పోయినేడు బీరువాలోంచి దుప్పటి తీస్తే మధ్యలో చిల్లు, ఇంకో మడతలో రెండు. చిమ్మెట. ఎగిరే పురుగు తినదు, దాని పిల్లలు తింటాయి, వెలుతురు తగలని మడతల్లో చేరి. ఆ దుప్పటిని బీరువాలో మడతపెట్టి ఉంచడమే తప్పు, రోజూ వాడి ఉంటే ఇలా అయ్యేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది. గుడ్లు ఏమైనా మిగిలుంటే చచ్చిపోతాయని కవరులో చుట్టి కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్లో పెట్టాను. తర్వాత పదమూడో చిలప వెతికాను. డబ్బాలో, మెలేసి, పిన్ని కట్టిన నాలుగు కట్లతో అలాగే ఉంది. ఇన్నేళ్ళూ వెలుతురు చూడలేదేమో, దుప్పటి కంటే ఒక్క వన్నె ముదురుగా ఉంది.

చిల్లు పూడ్చడానికి నిజానికి కొన్ని మూరల పోగు చాలు. కానీ ఒకసారి కట్లు తెంచాక చిలపను వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఉండ చుట్టాల్సిందే. ఆ యంత్రం అటక మీద ఉంది. తియ్యలేదు. నాన్న దగ్గరికి వెళ్ళాను.

ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. చిలప చూడగానే అలవాటుగా చాచారు గానీ నిమిషం నిలవలేదు, మోచేతులు ఒళ్ళోకి జారిపోయాయి. ఆయన వాటివైపు చూసుకున్నారు. నేనేమీ అనకుండా ఎదురుగా కూర్చుని, చిలపను నా చేతులకు వేసుకుని, కొస ఆయన చేతిలో పెట్టాను.

నెమ్మదిగా చుట్టారు. వేళ్ళ మీదుగా చుట్టి లాగెయ్యడం గుర్తుంది ఆయనకు. ఉండ గుండ్రంగా రాలేదు, గుమ్మడిగింజలా ఒకవైపు సాగింది. నా చేతులు కదలడానికి లేదు. గోడ గడియారం తప్ప చప్పుడు లేదు. ఏదో ఒకటి చెప్పాలనిపించింది, చేతులు కట్టేసి ఉన్నప్పుడు ఆయనకు అనిపించినట్టే.

"నాన్నా, అప్పుడు ఏడో చిలపకు మెషిన్ కొన్నాను చూడండి. అది బిగించి చుడుతుందన్నాను కదా. పిడి నెమ్మదిగా తిప్పితే బిగియదు. అది నాకు ఆ రోజే తెలుసు."

ఆయన ఉండను ఒక పక్కకు తిప్పి, ఇంకో వైపు నుంచి చుట్టడం మొదలుపెట్టారు.

"నాకూ తెలుసులే. చేతులు దించకు" అన్నారు.